మిరప మొక్క సాక్ష్యం

కాండానికి చుట్టే మాటల పట్టీలు వచ్చాక బొబ్బిలిలో ప్రతి పెరటి మొక్కా మాట్లాడుతోంది. ఏడో తరగతి కుసుమ తన మిరప మొక్కను సైన్స్ ఫెయిర్‌కు తెచ్చింది. రోజూ నీళ్లు పోస్తే మొక్క తక్కువ మాట్లాడుతుందన్నది ఆమె ప్రాజెక్టు. నెగ్గితే జిల్లా పోటీకి వెళ్తుంది.

న్యాయనిర్ణేత భ్రమరాంబ మేడం రాగానే కుసుమ గడగడా అందుకుంది. "నెలంతా ఒక్క రోజు కూడా మానకుండా నీళ్లు పోశాను మేడం."

"అబద్ధం!" అంది మొక్క. "పెళ్లికెళ్లి నాలుగు రోజులు నన్ను ఎండబెట్టీసింది!"

హాలంతా ఘొల్లుమంది. కుసుమ చెవులు ఎర్రబడ్డాయి. ఇక దాచి లాభం లేదని, నోటుపుస్తకంలో అతికించేసిన పేజీలను మెల్లగా విడదీసింది.

"నిజమే మేడం. మా పిన్ని పెళ్లి. మామూలుగా ఇది రోజుకి ముప్పై మాటలే మాట్లాడుతుంది. ఆ నాలుగు రోజులూ తొమ్మిదేసి వందలు! తిరిగొచ్చాక పట్టీలో చూసి అన్నీ రాసుకున్నాను."

"అదే కదమ్మా నీ రుజువు! ఎందుకు దాచీసేవు?"

"అన్నీ తిట్లే మేడం."

మేడం కుర్చీ లాక్కుని కూర్చుంది. "చదువు."

కుసుమ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. మేడం నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ జిల్లా పోటీకి ఆమె పేరు రాసేసరికి, కుసుమ ఇంకా రెండో రోజు తిట్లలోనే ఉంది.