ఇంటి ముక్కు

"టైలరు గారూ, ఏమిటీ మాడు కంపు? వీధి మలుపు దాకా కొడుతోంది!"

కోటు కొలతలివ్వడానికి వచ్చిన లెక్కల మాస్టారు గుమ్మంలోనే ఆగి ముక్కు మూసుకున్నాడు. కత్తెర పట్టుకుని బల్ల మీదకు వంగి ఉన్న టైలరు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. ఇస్త్రీ పెట్టె కింద ఎవరిదో కొత్త కోటు వీపు నల్లగా మాడి పొగలు కక్కుతోంది. ఒక్క ఉదుటున వెళ్ళి వైరు పీకేశాడు. కింద పరిచిన దుప్పటి అప్పటికే రాజుకుంటోంది. చెంబుడు నీళ్ళు గుమ్మరించింది మాస్టారే.

తెర వెనక గుండీలు కుడుతున్న టైలరు భార్య ఈ గోల విని పరుగెత్తుకొచ్చింది. ఆమెకూ ఆ మంటకూ మధ్య ఉన్నది ఒక్క గుడ్డ తెర.

"ఈయనకు ఎలాగూ వాసన తెలీదు. మీరైనా చూసుకోవద్దా అమ్మా?" అన్నాడు మాస్టారు.

"కాస్త జలుబు చేసింది మాస్టారూ," అందామె ముక్కు రుద్దుకుంటూ.

టైలరు ముక్కు మూతపడి ఏళ్ళయింది. మొదట జలుబన్నాడు. తరువాత గుడ్డల దుమ్మన్నాడు. ఆపైన ఏమీ అనడం మానేసి నోటితో గాలి పీల్చుకుంటూ బతకడం అలవాటు చేసుకున్నాడు. వాసనల వ్యవహారం మొత్తం భార్యకు అప్పగించేసి, "మా ఆవిడే మా ఇంటి ముక్కు" అని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేవాడు.

ఆ ముక్కుకు చాదస్తం కొంచెం ఎక్కువేనని కూడా చెప్పేవాడు. పాలు గిన్నెలో పోసే ముందు గరిటెడు విడిగా కాచి, విరగలేదని కళ్ళారా చూశాకే మిగతావి పోసేది. గ్యాసు గొట్టానికి సబ్బు నురగ రాసి, బుడగలు లేస్తున్నాయేమోనని రోజూ పరీక్షించేది. నిన్నటి కూర మిగిలితే పక్కింటావిడను పిలిచి మరీ చూపించేది. "నీ జాగ్రత్త బంగారం గానూ!" అని నవ్వుకునేవాడు టైలరు.

ఆ సాయంత్రం మాత్రం ఆమె అతన్ని నవ్వనివ్వలేదు.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం."

"ఒక్క కోటు కాలినందుకా? నీ జలుబు తగ్గితే సరి. ఇంట్లో నీ ముక్కు ఉందిగా!"

"ఉంటే కోటెందుకు కాలింది?"

ఆ గొంతులో అంత కోపం అతను ఎన్నడూ వినలేదు. "ఇవాళ మాస్టారు వచ్చారు కాబట్టి సరిపోయింది. మనం నిద్రలో ఉండగా కొట్టు అంటుకుంటే ఎవరొస్తారు?" అంది.

టైలరు తల దించుకున్నాడు. "లోపల ఏ పాడు జబ్బో ఉందంటారని భయమే," అని ఎట్టకేలకు ఒప్పుకున్నాడు.

"భయమైతే నా చెయ్యి పట్టుకోండి. రావడం మాత్రం తప్పదు."

డాక్టరమ్మ సన్నటి కెమెరా గొట్టం ముక్కులోకి పంపి తెర మీద చూపించింది. తొక్క తీసిన ద్రాక్షపళ్ళలాగా రెండు వైపులా బుడిపెలు కిక్కిరిసి ఉన్నాయి.

"వీటిని పాలిప్స్ అంటారు. మీరు భయపడుతున్న జబ్బులా లేదు. ముక్కు లోపలి పొర ఏళ్ళ తరబడి వాచి ఇలా వేలాడింది. వాసన తెలిసే చోటు పైన ఉంటుంది. గాలి అక్కడికి పోదామంటే దారేదీ?"

"కోసేస్తారా?"

"ముందు మందు. ఉప్పునీళ్ళతో ముక్కు కడగాలి, రోజూ స్ప్రే కొట్టాలి. చాలకపోతే ఆపరేషన్. అది చేసినా స్ప్రే మానకూడదు, మళ్ళీ పెరుగుతాయి."

కళ్ళు మూసుకోమని ఒక సీసా అతని ముక్కు కింద పెట్టింది. "ఖాళీ సీసా," అన్నాడు టైలరు. అదే సీసా అతని భార్యకు అందించింది. ఆమె దాన్ని వెలుతురుకేసి తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, "కాఫీ పొడి," అంది.

"చూశారా, మా ఇంటి ముక్కు!" అని టైలరు మురిసిపోయాడు.

ఆమె మురిసిపోలేదు. "ఈయనకు వాసన తిరిగొస్తుందా డాక్టరుగారూ?" అని అడిగింది.

"చాలామందికి వస్తుంది. మాటైతే ఇవ్వలేను."

"ఈయనకు రావాలండీ," అందామె.

మందుతో ఊపిరి కాస్త ఆడింది కానీ వాసన రాలేదు. చివరికి ఆపరేషన్ చేయించుకోక తప్పలేదు. ఇంటికొచ్చాక ఉప్పునీళ్ళకు బద్ధకిస్తే ఆమె పక్కన నిలబడి పోలీసులా కాపలా కాసింది. కొన్నాళ్ళు ఏ మార్పూ కనిపించలేదు. అతను ఆశ వదులుకున్నాడు, ఆమె వదలలేదు.

ఒక ఉదయం కొత్త గుడ్డ తాను విప్పగానే గంజి వాసన గుప్పుమంది. టైలరు నిలువునా కదిలిపోయాడు. కుట్టుమిషన్ వాసన చూశాడు, నూనె! సుద్దముక్క వాసన చూశాడు. పిచ్చివాడిలా గది అంతా తిరిగి, "ఏమేవ్! వచ్చిందే, వాసన వచ్చింది!" అని కేకేశాడు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

ఆమె గుమ్మంలో నిలబడి అతన్ని తృప్తిగా చూసింది. గబగబా లోపలికెళ్ళి, తలకు నూనె రాసి దువ్వుకుని వచ్చింది.

"కొత్తలో మీరు తెచ్చిన సెంటు నూనె గుర్తుందా? ఆ వాసనంటే మీకు ప్రాణం కదా. మీ ముక్కు తెరుచుకున్న రోజున రాసుకుందామని దాచిపెట్టాను."

టైలరు ఆమె జుట్టు మీదకు ఆశగా వంగి, మరుక్షణం వెనక్కి తగ్గాడు.

"అయ్యో, ఇది మక్కిపోయిందే! మూత తియ్యగానే తెలిసుండాలే! నీ జలుబు ఇంకా తగ్గలేదా?"

ఆమె స్టూలు మీద కూలబడింది.

"జలుబు కాదండీ. పెళ్ళయిన కొత్తలోనే చెప్పాల్సింది. తరువాత మీరు అందరి దగ్గరా అంత గొప్పగా చెప్పుకుంటుంటే నోరు రాలేదు."

"ఏం చెప్పాల్సింది?"

"నాకు పుట్టినప్పటి నుంచీ ఏ వాసనా తెలియదు."