రెండు కెమెరాల ముందు

"ఫోటోలు తీసే ధనుంజయ అంటే నువ్వేనా నాయనా?"

గుమ్మంలో ఒక ముసలామె నిలబడి ఉంది. చేతిలో గొర్రెలు తోలే కర్ర, భుజాన గొంగడి.

ధనుంజయ తలెత్తకుండానే ఊఁ అన్నాడు.

అతని ముందు బల్లమీద రెండు కెమెరాలున్నాయి. ఒకటి కెనాన్, ఒకటి సోనీ. గిద్దలూరులో స్టూడియో నడిపే స్నేహితుడు రాజరత్నం డీలరును బతిమాలి, వాడి చూసి తిరిగిచ్చే షరతు మీద రెంటినీ తెచ్చిపెట్టాడు.

"పాతదాంతో ఇంక పని కాదురా. సాయంత్రం నేనొచ్చేసరికి ఏదో ఒకటి తేల్చు. ఒకసారి ఒక కంపెనీలోకి దిగినామంటే లెన్సులన్నీ దాని ఎంబడే కొనాల. మళ్ళీ ఎనక్కి రాలేం" అని చెప్పి బజారుకు పోయాడు.

భార్య ఉమ చనిపోయాక ధనుంజయ మార్కాపురంలోని తన స్టూడియో తలుపులు తెరవడం అదే మొదలు.

కంభం రోడ్డులో లారీ ఉమ స్కూటీని కొట్టి ఆగకుండా పోయింది. ఆస్పత్రికి తెచ్చేసరికే ప్రాణం లేదన్నారు. ఆ ఎండలో, ఆ మలుపులో, పలకరించే దిక్కు లేకుండా పోయిందే అన్నచోట అతని మనసు ఆగిపోయింది. ఏడుపు రాలేదు. అన్నం పెడితే తినేవాడు, లేకపోతే లేదు. ఎవరైనా ఉమ పేరెత్తితే లేచి అవతలికి పోయేవాడు.

కెమెరాలు నయం. అవి ఓదార్చవు.

"పాస్‌పోర్టు ఫోటోనా అవ్వా?"

"ఫోటో కాదు నాయనా. నీకొక మాట చెప్పాల. ఇంతకుముందు గూడా వచ్చినా. తలుపు ఏసుండె."

అప్పుడు చూశాడు ఆమె ముఖం. ఎండకు కమిలిన చర్మం, చిక్కటి ముడతలు, లోతుకు పోయిన కళ్ళు. కెమెరాను పరీక్షించడానికి ఇంతకన్నా మంచి ముఖం దొరకదనుకున్నాడు.

"చెబుదువులే. ముందు ఆ స్టూలు మీద కూసో."

"నాకెందుకు నాయనా ఫోటోలు?"

"నీక్కాదు, నాకే. ఊరికే కూసో అవ్వా."

ఆమె కర్ర గోడకు ఆనించి, పైట సర్దుకుని కూర్చుంది.

అతను కెనాన్ ఎత్తాడు.

"ఆ పొద్దు నేను జీవాలను తోలుకొని పోతాంటే..."

"మాట్లాడొద్దవ్వా. మొగం కదుల్తాది."

ఆమె నోరు మూసుకుంది.

సోనీ ఎత్తాడు.

"అది గాదు నాయనా, ఆ బిడ్డ..."

"అవ్వా! కదలొద్దంటే."

కిటికీ వైపు తిప్పాడు. గోడ వైపు తిప్పాడు. దీపాలు వేసి తీశాడు, ఆర్పి తీశాడు. ఆమె తిప్పినట్టల్లా తిరిగింది.

తర్వాత కంప్యూటరు ముందు కూర్చున్నాడు. రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టి పెద్దవి చేశాడు. కెనాన్‌లో చర్మం రంగు మెత్తగా, వెచ్చగా ఉంది. సోనీలో కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడుతున్నాయి. మనసు అటొకసారి, ఇటొకసారి ఊగింది. నోరు తెరుచుకుని ఉన్నవన్నీ పనికిరావని తుడిచేశాడు.

"ఇప్పుడు చెప్పేదా నాయనా?"

"ఒక్క నిమిషం."

కాసేపటికి ఆమె లేచింది.

"జీవాలు ఒంటిగా ఉండాయి. మళ్ళా వస్తాలే."

"ఊఁ" అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా.

సాయంత్రం రాజరత్నం వచ్చాడు.

"ఏంది, తేలిందా?"

"సోనీ."

"ఎందుకు?"

"కన్నును వదలకుండా పట్టుకుంటాంది."

రాజరత్నం తెర వైపు వంగాడు. "ఎవురీ అవ్వ?"

"ఎవురో. ఏందో చెప్పాలని వచ్చింది."

"ఏం చెప్పింది?"

"నేను వినలేదు."

సోనీ కొన్నాడు. ముహూర్తాలు మొదలయ్యాయి. తలంబ్రాలు తీశాడు, అప్పగింతలు తీశాడు. పెళ్ళికూతుళ్ళు నవ్వినా ఏడ్చినా అతనికి ఫోకస్ కుదిరిందా లేదా అన్నదే కనబడింది.

ఒక మధ్యాహ్నం నడివయసు మనిషి ఒకడు, గడ్డం పెరిగి, మెడలో తువ్వాలుతో లోపలికి వచ్చాడు.

"నా పేరు ఎర్రయ్య అన్నా. మాయమ్మ పోలమ్మ చనిపోయింది. రేపు పెద్దకర్మ. పటం కట్టిద్దామంటే ఇంట్లో ఒక్క ఫోటో గూడా లేదు. మీ దగ్గర దిగినానని ఒకసారి అనింది."

గొర్రెల కర్ర సంగతి చెప్పాక ధనుంజయకు గుర్తొచ్చింది. ఆ పొద్దు తీసిన ఫోటోలు వెతికి తెర మీద పెట్టాడు.

"ఇది ఒక కెమెరాది, ఇది ఇంకోదానిది. ఏదిమ్మంటావు?"

ఎర్రయ్య రెండింటినీ చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"రెండిట్లోనూ మాయమ్మే గదన్నా. ఏదైనా ఇయ్యండి."

ధనుంజయ ప్రింటు తీసి, కాగితంలో చుట్టి ఇచ్చాడు. డబ్బులొద్దన్నాడు. ఎర్రయ్య గుమ్మం దాకా పోయి ఆగాడు.

"ఇంకో సంగతన్నా. అడగొచ్చో లేదో..."

"అడుగు."

"కంభం రోడ్డున మీ ఇంటామె తలకాయను ఒళ్ళో పెట్టుకొని, పేణం పోయేదాకా చెయ్యి వదలకుండా కూసున్నది మాయమ్మే గదా, మీ ఇంటామె మీకు చెప్పమన్న మాటను మొగునికే చెప్పాలని మాకెవురికీ చెప్పలేదు, ఇంతకీ ఏందన్నా ఆ మాట?"