తలసరి షుగర్

మామగారికి షుగరొస్తే వచ్చింది, దానికి ఆర్థిక కారణాలు కూడా వినాలా అని కోడలి బాధ.

ఆయన రిటైరైన ఎకనామిక్స్ మాస్టారు. ఇంటిల్లిపాదికీ చేయించిన రక్తపరీక్షల రిపోర్టులు డాక్టరుకి చూపించి వచ్చి, చెప్పులైనా విప్పకుండా పాఠం మొదలుపెట్టారు.

"నాకు షుగరటమ్మా. అంతా అభివృద్ధే. మీ ఆయనకి ప్రమోషన్ వచ్చింది. ఇంట్లోకి వాషింగ్ మెషీన్, గ్రైండర్, కారు వచ్చాయి. వాటి వెనకాలే ఇదీ వచ్చింది. తలసరి ఆదాయంతోపాటు తలసరి షుగర్."

"మీటలన్నీ నొక్కేది నేను, షుగర్ మీకా మావయ్యగారూ?"

"తలసరి లెక్కలంతే. ఒకరిది ఇంకొకరి ఖాతాలో పడుతుంది."

ఇప్పటికింకా అంచుమీదే ఉందట. తిండీ నడకా మార్చుకుని, వచ్చే పరీక్షకల్లా తగ్గించుకోకపోతే ఇక రోజూ మాత్రలేనట.

కోడలు కొంగు బిగించింది. తన మోకాలి నొప్పికి నడవమని డాక్టరు రాసిచ్చిన చీటీ ఎప్పట్నుంచో నూనె సీసా కింద జిడ్డు పీల్చుకుంటోంది. అది తన సంగతి కాబట్టి సరిపోయింది. మామగారి విషయంలో అశ్రద్ధ చేస్తే నలుగురూ ఏమనుకుంటారు?

ఆయనవేమో చంటిపిల్లాడి పేచీలు. ఒక్కడే తినాలంటే చప్పిడి ముద్ద గొంతు దిగదన్నారు. తనూ అదే తింది. ఎదురుగా ఉంటే నోరూరుతుందన్నారు. తన బిస్కెట్ల డబ్బా పక్కింటికి పంపేసింది. ఒంటరిగా బయల్దేరితే కాళ్లు వెనక్కి తిరుగుతున్నాయన్నారు. తెల్లారకుండానే వెంట నడిచింది.

"చెయ్యి ఊపమ్మా, వేగం పెంచు," అని ఆయనే తరిమేవారు.

"షుగర్ మీకు, చెమటలు నాకా?"

"దాన్నే శ్రమ విభజన అంటారు."

మళ్లీ పరీక్ష రోజు వచ్చింది. సూదంటే భయమని, పోయినసారిలాగే ముందు ఆమె చేత చెయ్యి చాపించారు. సాయంత్రం ఆయనొక్కరే డాక్టరు గదిలోకి వెళ్లారు. ఆమె బయట బెంచీ మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంది.

ఆయన మొహం వెలిగించుకుని బయటికొచ్చారు.

"తగ్గింది. మాత్రలక్కర్లేదన్నారు."

"హమ్మయ్య. చూశారా, నా మాట వింటే ఎలా ఉంటుందో. తగ్గింది కదా అని రేపట్నుంచి ముసుగుతన్ని పడుకుంటే మాత్రం ఊరుకోను."

"నేను మాత్రం ఊరుకుంటానా?"

"ఉండండి, మీ షుగర్ తగ్గిందని మీ అబ్బాయికి చెప్తాను," అంటూ ఫోన్ తీసింది.

మామగారు గబుక్కున చెయ్యి అడ్డం పెట్టారు. బోర్డు మీద లెక్క తప్పినా ఏ తరగతిలోనూ ఒప్పుకోని మనిషి, రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.

"అబద్ధమాడటం నా తప్పేనమ్మా, ఆ షుగర్ నీది."