కొత్త గొంతు

నందిగామలో పత్తిచేలకు ఏ మందు ఎంత కలపాలో మాటల్లో చెప్పే యాప్ నడుపుతున్న సతీష్‌బాబు, ఆ ఉదయం స్టాఫ్ అందరి ముందూ కేకు కోయించి జెరూషాని ప్రాడక్ట్ హెడ్‌ని చేశాడు. తన క్యాబిన్ కూడా ఆమెకే ఇచ్చేశాడు. చప్పట్లు బాగానే మోగాయి.

"కంపెనీ పెరుగుతోందమ్మా. ఇక యాప్ బాధ్యతంతా నీదే. అందులో నా గొంతు తీసేసి నీ గొంతు పెడదాం."

జెరూషా మైకు ముందు కూర్చుని అతనిచ్చిన కాగితం చదువుతూ ఒకచోట ఆగింది.

"ట్యాంకుకి నాలుగు మూతలా సార్? మా నాన్న రెండే పోస్తాడండి."

"అది పాత మందమ్మా. నువ్వు చదువు."

హెడ్ అయిన మొదటిరోజే ఎదురు చెబితే బాగుండదని చదివేసింది. మధ్యాహ్నానికల్లా రైతులందరి ఫోన్లలోనూ ఆమె గొంతే పలికింది.

సాయంత్రం క్యాబిన్‌లో ఫోన్ మోగింది. ఎవరో ఆడమనిషి.

"వత్సవాయి నుంచండి. నిన్న మీ యాప్ చెప్పినట్టే మందు కలిపి కొట్టి, మా ఆయన చేలోనే పడిపోయాడు. ఇంకా తెలివి రాలా. నిన్ననే మీ సార్‌కి ఫోన్ చేసి చెప్పానండి."

జెరూషా క్యాబిన్ అద్దంలోంచి బయటికి చూసింది. సతీష్‌బాబు అప్పటికే ఆమెకేసి చూస్తున్నాడు.

"ఎస్సైగారికి ఆ మాట వినిపిద్దామని ఇప్పుడు యాప్ నొక్కితే, నిన్నటి మగగొంతు లేదండి. ఎవరో ఆడపిల్ల చెబుతోంది."

"ఎన్ని మూతలు పోశారండి?" అని అడిగింది జెరూషా.

"అచ్చం మీ గొంతులాగే ఉందేంటమ్మా?"