వినపడలేదు

అందరి చెవుల్లోనూ యంత్రాలు వచ్చాక, కాలనీ గ్రూపులో బ్లాకైన మనిషి గొంతు వీధిలోనూ ఎవరికీ వినపడదు. విన్నపాలు వినాలి కనుక మోడరేటర్ హైమవతికి మాత్రం వినపడుతుంది.

బ్లాకైన పరాంకుశం రోజూ ఆమె గుమ్మంలో నిలబడి వాదించేవాడు. "దొంగసచ్చినోడా అంటే తిట్టు కాదమ్మా, మావైపు పలకరింపు." వాదన అయ్యాక, "ఈ పూట ఏం కూర?" అని అడిగేవాడు. మిగతావాళ్లు ఎక్కడ తప్పు పట్టి బ్లాక్ చేస్తుందోనని, ఆమె కనిపిస్తే చాలు మాటలు ఆపేస్తారు.

ఈ రోజు అతను కూర సంగతి ఎత్తలేదు.

"తప్పయిపోయిందమ్మా. మా పాపకి కూడా నా గొంతు వినపడట్లేదు. బ్లాకు తీసెయ్యండి."

క్షమాపణ అడిగితే తీసెయ్యాలన్నది నియమం. హైమవతి పొయ్యి మీద దొండకాయలు కలుపుతూ, తల తిప్పకుండా అంది.

"సరిగ్గా వినపడలేదు. రేపొకసారి రండి."