అజెండాలో రెండో అంశం

"ఆ సోఫాలో కాదు, ఇదిగో, ఇందులో కూర్చో," అన్నాడు ఆర్కిటెక్టు, మూలనున్న ప్లాస్టిక్ కుర్చీని కాలితో ముందుకు తోస్తూ.

వెల్డరు కూర్చున్నాడు. ప్యాంటు మీద నిప్పురవ్వలు పడి కాలిన చిల్లులున్నాయని అతనికి తెలుసు. వాటి మీద చేతులు పెట్టుకున్నాడు. పొద్దున్నుంచీ వీళ్ల గేటు మీద ఇనప అక్షరాలు అతికించిన చేతులవి. పని అయ్యాక శుభ్రంగా సబ్బుతో కడుక్కుని, "సార్, నాక్కూడా ఇందులో సభ్యత్వం ఇప్పించండి," అని అడిగాడు. ఆర్కిటెక్టు నవ్వాపుకుని దరఖాస్తు ఇచ్చి, నింపి లోపలికి తెమ్మన్నాడు.

లోపల ఏసీ గది. బల్లకి అటువైపు గుండె డాక్టరు, ఆర్కిటెక్టు, మధ్యలో ప్రొఫెసరమ్మ. ముగ్గురి డిగ్రీలూ రాయాలంటే ఒక గోడ చాలదు. నాలుగు కప్పుల కాఫీ వచ్చింది. నాలుగోది సమావేశం వివరాలు రాసుకునే కార్యదర్శికి. అంత చదివినవాళ్లలో ఒక్కరికీ అయిదో మనిషి ఉన్నాడని తోచలేదు.

ప్రొఫెసరమ్మ దరఖాస్తును తడిసిన మేజోడు పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుంది.

"చదువు?"

"పది తప్పానండి."

"ఇటీవల చదివిన మూడు పుస్తకాలు అన్నచోట ఖాళీ వదిలేశారేం?"

"గ్రైండింగ్ మిషనుతో వచ్చిన పుస్తకం ఒకటి మొత్తం చదివానండి. అది రాయొచ్చో లేదో తెలీక..."

డాక్టరు దగ్గినట్టు నటించి నవ్వాడు. ఆర్కిటెక్టు ఆ మాత్రం శ్రమ కూడా పడలేదు.

"మీకేదో తక్కువని కాదు బాబూ," అన్నాడు డాక్టరు, చావు కబురు చల్లగా చెప్పి చెప్పి అలవాటైన గొంతుతో. "ఇక్కడ మేం మాట్లాడుకునేవి మీ తలకెక్కవు. మీకే ఇబ్బంది. ఈ ఏడాది చేరినవాళ్లలో పదకొండుమందికి డాక్టరేట్లున్నాయి తెలుసా?"

వెల్డరు చొక్కా జేబులోంచి ఒక పాలిథిన్ కవరు తీశాడు. అందులో అంచులు చిరిగిన పాత కార్డు ఉంది.

"మా నాన్నదండి. ఆయన ఇందులో మెంబరు. నలభై ఒకటో నంబరు. పోయేదాకా దిండు కిందే పెట్టుకున్నాడు."

కార్డు మూడు చేతులు మారింది.

"ఆ రోజులు వేరు," అంది ప్రొఫెసరమ్మ. "అప్పట్లో ఎవర్ని పడితే వాళ్లని చేర్చుకునేవాళ్లు. నానా తంటాలూ పడి ఇప్పుడీ స్థాయికి తెచ్చాం."

వెల్డరు కుర్చీ అంచుకి జరిగాడు.

"ఒక్క మాట మేడమ్. మా షెడ్డులో ఇరవై రెండుమందిమి. ఇరవై ఒక్కరు ఆ వీధి చివరవాళ్ల దగ్గర చేరిపోయారు. నేను ఇక్కడికొస్తానంటే, 'నిన్ను వాళ్లు గడప తొక్కనివ్వర్రా' అని ఏడిపిస్తున్నారు. మా నాన్న ఉన్న చోటు, ఎందుకు రానివ్వరు, సాయంత్రానికి కార్డు తెచ్చి చూపిస్తానని అందరి ముందూ అనేశాను. ఉత్త చేతుల్తో వెళ్తే తల కొట్టేసినట్టుంటుంది. ఓ మూల కూర్చుంటాను మేడమ్, నోరు కూడా మెదపను."

"వీధి చివరా?" ఆర్కిటెక్టు మొహం చిట్లించాడు. "బాగా డబ్బు చేసినవాళ్లు నడిపే సంత అది. చదువూ సంధ్యా ఏదీ అడగరు. కార్డు చేతిలో పెట్టి, భుజం మీద చెయ్యేసి ఫొటో దిగుతారు. నువ్వూ అక్కడికే పోరాదూ? నీకు సరిగ్గా సరిపోతుంది."

"అక్కడికి పోవడం ఇష్టం లేకే కదండీ ఇక్కడికొచ్చింది."

విన్నవాళ్లు సిగ్గుపడాల్సిన మాట అది. ముగ్గురూ కాఫీ తాగారు.

ప్రొఫెసరమ్మ దరఖాస్తు మీద ముత్యాల్లాంటి అక్షరాలతో 'తిరస్కరించడమైనది' అని రాసింది. ఊరికే పంపితే బాగుండదనుకుందేమో, "రాత్రి బడికి వెళ్లి నాలుగు ముక్కలు నేర్చుకోండి. రెండేళ్లాగి చూద్దాం. గేటు పని మాత్రం చాలా బాగా చేశారు. మన పేరు రోడ్డు చివరిదాకా కనిపిస్తోంది," అంది.

వెల్డరు కార్డును మళ్లీ కవర్లో పెట్టుకున్నాడు. లేచి నమస్కారం పెట్టాడు. తిరిగి పెట్టింది డాక్టరొక్కడే, అదీ ఒంటి చేత్తో.

అతను గేటు దగ్గర ఆగడం కిటికీలోంచి కనిపించింది. తాను అతికించిన అక్షరాల్లో ఒకదాన్ని పట్టి ఊపి చూశాడు. అది కదల్లేదు. తర్వాత వీధి చివరికేసి నడిచాడు.

"చూశారా, వీళ్లింతే," అంది ప్రొఫెసరమ్మ. "ఒక నిలకడ ఉండదు." కళ్లజోడు సర్దుకుని కార్యదర్శి వైపు తిరిగింది. "ఇప్పటికే ఆలస్యమైంది. తర్వాతిది చదవండి."

కార్యదర్శి గొంతు సవరించుకుని చదివాడు: "రెండో అంశం, కార్మికులు మన కార్మిక పార్టీని వదిలేసి యజమానుల పార్టీలో ఎందుకు చేరుతున్నారు?"