కళ్ళు లేని ఆటగాడు

తిరువూరు మొత్తంలో చదరంగంలో మధుసూదనరావును ఓడించిన మొనగాడు లేడు. అలాంటిది, ఓడలో పనిచేసే బావమరిది సింగపూర్ నుంచి తెచ్చిచ్చిన చదరంగం మిషను చేతిలో వరసగా పదకొండు ఆటలు ఓడిపోయాడు.

"దానికి కళ్ళు లేవు బావగారూ. మీరు మీట నొక్కి చెప్పిన ఎత్తే దానికి తెలుస్తుంది. దాని పావులు కూడా మీరే జరపాలి," అని చెప్పి వెళ్ళాడు బావమరిది.

ఆ రాత్రి తన పత్తిమిల్లు గదిలో ఒంటరిగా ఆడుతూ మధుసూదనరావు మొదటిసారి అబద్ధమాడాడు. గుర్రాన్ని ఒక గడిలో పెట్టి, మిషనుకు మరో గడి చెప్పాడు. మిషను మీద దాని ఎత్తు చెప్పే ఎర్ర అక్షరాలు వెలిగాయి. గుర్రం నిజంగా ఉన్న గడిలోనే దాన్ని కొట్టింది మిషను.

బయట కీచురాళ్ళు ఆగిపోయాయి.

"ఓహో, తొంగి చూస్తున్నావన్నమాట! ఇవాళ నీ తొండి తేలుస్తాను," అని దీపం ఆర్పేశాడు. ఏదో ఎత్తు నొక్కి, తన రాజును తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "ఇప్పుడు కొట్టు."

చాలాసేపు ఏ అక్షరమూ వెలగలేదు.

సాయంత్రం నుంచీ ఆయన తన పావుల్ని కుడిచేత్తో, దాని పావుల్ని ఎడమచేత్తో జరుపుతున్నాడు. ఇప్పుడా ఎడమచెయ్యి, తను ఎత్తకుండానే, చీకట్లో బల్ల మీంచి లేచింది. మెల్లగా జేబు దాకా వచ్చింది.

ఆయన పళ్ళు బిగించి కుడిచేత్తో జేబును అదిమిపట్టుకున్నాడు.

కానీ ఎత్తు దానిది.